రాడ్ సెర్లింగ్: టెలివిజను సూత్రధారి

మన నాటకాలలో సూత్రధారి ముందు వచ్చి, కథ ఎత్తుకొని తప్పుకుంటాడు. అమెరికా టెలివిజనులో ఆ పాత్ర వహించినవారు రాడ్ సెర్లింగ్.

ఆయన 1924 డిసెంబరు 25న న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూసులో జన్మించి, బింగ్‌హామ్‌టనులో పెరిగారు. రెండవ ప్రపంచయుద్ధంలో పారాట్రూపరుగా ఫిలిప్పీన్సులో పోరాడారు. 1955లో 'ప్యాటర్న్స్' నాటకంతో పేరు పొందారు.

ఆ ఏడే మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏండ్ల నల్లజాతి బాలుడు హత్యకు గురయ్యాడు. సెర్లింగ్ ఆ అన్యాయం మీద నాటకం వ్రాశారు. ప్రకటనదారులకు జంకి దాన్ని మార్పించారు. 1956లో ప్రసారమయ్యేసరికి అసలు సంగతే కనుమరుగైంది.

తిన్నగా చెప్పనివ్వని మాటను ఆయన కల్పనలో పెట్టి చెప్పారు. 1959 అక్టోబరు 2న 'ది ట్వైలైట్ జోన్' ప్రారంభమైంది. 1964 వరకు వచ్చిన 156 కథలలో 92 ఆయన వ్రాసినవే. ఒక కథలో, వీధిలో కరెంటు పోగానే ఇరుగుపొరుగువారు ఒకరినొకరు గ్రహాంతరవాసులని అనుమానించి కొట్టుకుంటారు.

1975 జూన్ 28న, 50వ ఏట, గుండెజబ్బుతో కన్నుమూశారు.

విష్ణుశర్మ నీతిని జంతువుల నోట చెప్పించాడు. సెర్లింగ్ చేసిందీ అదే. నానా దేశాలవారి నడుమ అల్ రయ్యానులో పెరిగే మన పిల్లలకు ఆ వీధి కథ తెలుగులో చెప్పాలని మేము తలుస్తున్నాము.