రహీం సాహెబు గారు: బడిపంతులు, ఫుట్‌బాల్ గురువు

ఈ శతవార్షిక సంచికలో మన గురువుల చరిత్రలు, మందిరముల చరిత్రలు, బడుల చరిత్రలు అనేకులు వ్రాస్తున్నారు. మా వంతుగా హనుమాన్ జంక్షన్ యువజనుల కొరకు ఒక ఉపాధ్యాయుని జీవితమును చెప్పదలచాము. ఆయన మన సంఘస్థుడు కాదు, మన జిల్లావాడు కాదు. హైదరాబాదు వాసి, ముస్లిము సోదరుడు. అయినను బడి ఆటస్థలములో పిల్లలకు బంతి ఇచ్చి నిలబడిన ప్రతి ఉపాధ్యాయుడు ఆయన జీవితములో తన పోలికను చూసుకొనగలడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరు ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆనాటి నైజాము రాజ్యములో ఉన్నత విద్యకు ప్రసిద్ధమైన స్థలము 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. రహీం గారు అక్కడ చదువుకొంటూనే కళాశాల ఫుట్‌బాల్ జట్టులో ఆడారు. ఆ జట్టుకు ఒక మంచి సంప్రదాయము ఉండేది. చదువు ముగిసి పట్టా పుచ్చుకొని వెళ్ళిన విద్యార్థి జట్టును విడిచిపెట్టేవాడు కాదు. పూర్వ విద్యార్థులు, అప్పటి విద్యార్థులు కలిసి ఎలెవెన్ హంటర్స్ అను పేరుతో ఒక క్లబ్బుగా నగరములోని పోటీలలో ఆడేవారు. పెద్దవాడు చిన్నవానికి నేర్పుట, చిన్నవాడు పెద్దవాని చోటును నింపుట అక్కడ అలవాటు. రహీం గారి తరువాతి జీవితమంతా ఈ ఒక్క అలవాటు నుండి మొలకెత్తినదని మా అభిప్రాయము.

పట్టా పొందిన తరువాత ఆయన బడిపంతులైనారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పని చేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొని ఆటల బాధ్యత కూడా తన మీద వేసుకొన్నారు. 1940ల తొలి భాగము నుండి మరణము వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఉన్నారు.

ఆయన నేర్పిన పద్ధతి వినుటకు తేలికగా ఉంటుంది గాని ఆచరించుట కష్టము. మన దేశపు ఆటగాడు బంతి కాలికి దొరికితే విడువడు. ఒంటరిగా నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకొనవలెనని చూస్తాడు. రహీం గారు ఈ జబ్బును మాటలతో మందలించలేదు. బంతిని కాలి దగ్గర ఉంచుకొనకుండ వెంటనే తోటివానికి అందించవలెనను నియమముతో ప్రత్యేకముగా పోటీలు పెట్టించారు. అట్లే కుడికాలి అలవాటు గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు పెట్టించారు. పిల్లవాడు ఆడుతూ ఆడుతూనే తన లోపమును దిద్దుకొనేవాడు. పంతులు బెత్తము పట్టకుండ పాఠము చెప్పుట అంటే ఇదే గదా!

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టారు. ఆ సంవత్సరమే ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును గెలిచినది. రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు తెచ్చినది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకొనే ఆ రోజులలో మోహన్ బగాన్ వంటి పెద్ద జట్లు సైతము హైదరాబాదు పోలీసులంటే జాగ్రత్తపడవలసి వచ్చినది.

దేశపు జట్టు కూడా ఆయన చేతికి వచ్చినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో సాహు మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్ మీద గెలిచి భారతదేశము బంగారు పతకము పొందినది. మరుసటి సంవత్సరము హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన వారిలో చాలమంది బూట్లు లేక వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమి తరువాత మన దేశపు ఆటలో బూట్లు తప్పనిసరి చేశారు. మరొక చిక్కు కూడా ఉండేది. మన దేశములో ఆట 70 నిమిషములకే ముగిసేది. విదేశములలో 90 నిమిషములు పరుగెత్తవలెను. ఆ చివరి 20 నిమిషములకు కావలసిన దమ్ము మన వారికి అలవాటు లేనిది.

ఇక 1956 సంగతి. నవంబరు 1న తెలుగువారందరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడినది. సరిగా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు పంతులు తీర్చిదిద్దిన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే 4–2 తేడాతో ఓడించినది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో 3 గోలులు కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో యుగోస్లావియా మీద మొదటి గోలు మనవారిదే అయినను చివరకు 4–1 తేడాతో ఓడారు. కంచు పతకపు ఆటలో బల్గేరియా గెలిచినది. నాలుగవ స్థానము దక్కినది. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం చిన్న వయసులోనే ఆ జట్టుతో మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వారు లోకమునకు చాటిన 4–2–4 వరుసను రహీం గారు మనవారికి కూడా నేర్పారు.

1960 రోము ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 2–1 తేడాతో ఓడినా, ఫ్రాన్సుతో 1–1గా సమానముగా నిలిచారు. ఆ జట్టులో రహీం గారి సొంత కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అయితే ఒక్క ఆటలోను అతనిని బరిలోకి దించలేదు. కుమారుడని చోటు ఇచ్చే తండ్రులు మన సంఘములలోను, సభలలోను కలరు. ఈ విషయము వారు గమనింతురు గాక.

ఇక్కడ రేడియో సంగతి కొంత చెప్పుకొనవలెను. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. ఆ తరము వారికి దూరపు ఆటలన్నియు రేడియోలోను, మరునాటి పత్రికలలోనే. వ్యాఖ్యాత బంతి వెంటనే పరుగెత్తవలెను. బంతి ఎవరి కాలి దగ్గర ఉంటే వారి పేరే పలుకుతాడు. అందుచేత పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను పేర్లు ఇంటింటికి తెలిసినవి. గీత బయట బల్ల మీద కూర్చున్నవాని పేరు ఆట వినేవారి చెవిన పడుట అరుదు. రహీం గారి పేరు మన జిల్లాలలో చాలమందికి తెలియకపోవుటకు ఇది ఒక కారణమని మేము తలస్తున్నాము. ఇది వ్యాఖ్యాతల తప్పు కాదు. గురువు పని జరిగేది మైకు ముందు కాదు.

1962 నాటికి రహీం గారికి క్యాన్సరు సోకినది. ఆ శరీరముతోనే జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకొని వెళ్ళారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి. పైగా ఇజ్రాయెలు, తైవాను దేశములను రానీయనందుకు మన దేశపు క్రీడాధికారి ఒకరు అభ్యంతరము తెలుపగా అక్కడి జనము భారతీయుల మీద మండిపడి ఉన్నారు. థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును దాటి మనవారు ఫైనలు చేరినప్పుడు ఎదుట నిలిచినది మరల ఆ దక్షిణ కొరియాయే.

సెప్టెంబరు 4న ఫైనలు. గోలు కాపరి పీటర్ తంగరాజ్ జ్వరము నుండి లేచి వచ్చాడు. వెనుక వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఆ స్థితిలో అతనిని రక్షణలో ఉంచితే ప్రమాదమని, పక్కన పెడితే బలము తగ్గునని ఆలోచించి, రహీం గారు అతనిని ముందు వరుసకు పంపించారు. స్టేడియము నిండిన జనము మనవారిని ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. 17వ నిమిషములో బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషములో గాయపడిన ఆ జర్నైల్ సింగే రెండవది కొట్టాడు. కొరియా చివరిలో ఒక గోలు తీర్చుకొన్నది. 2–1 తేడాతో బంగారు పతకము మనదైనది.

మరునాడు సెప్టెంబరు 5. ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పని చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సంవత్సరమే రాష్ట్రపతి అయినారు. వారి జన్మదినమును దేశము మొట్టమొదటి సారి ఉపాధ్యాయ దినముగా జరుపుకొన్నది ఆ రోజే. ఒక బడిపంతులు దేశమునకు బంగారము తెచ్చిన మరునాడే దేశము పంతుళ్ళను సన్మానించినది. ఎవరు ఏర్పాటు చేయని ఈ కలయికను తలచుకొన్నప్పుడు మా హృదయము నిండుతుంది.

తొమ్మిది నెలలు మాత్రమే గడిచినవి. 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని మొదలు కాలేదు. 1960 తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. ఆసియా క్రీడలలో 1970లో బాంకాక్‌లో కంచు పతకము వచ్చినది గాని బంగారము మరల రాలేదు. 2024లో మైదాన్ అను హిందీ చలనచిత్రములో అజయ్ దేవగణ్ రహీం గారి పాత్ర ధరించిన తరువాతనే దేశములో ఎందరో ఆయన పేరు మొదటి సారి విన్నారు.

ఎందుకిట్లు జరిగినది? ఒక మనిషి మీద ఆధారపడిన పని ఆ మనిషితోనే ముగుస్తుంది. ఎలెవెన్ హంటర్స్ క్లబ్బులో పెద్దవాడు చిన్నవానికి నేర్పినంత కాలము ఆట నిలిచినది. ఆ గొలుసు తెగినచోట పతకములు కూడా ఆగిపోయినవి. నూరేండ్ల పండుగ చేసుకొనే మనకు ఈ సంగతి దగ్గరిదే. మందిరము కట్టినవారి పేర్లు రాతి మీద చెక్కించుట మంచిదే. వారి పనిని అందుకొని నేర్చుకొనేవారిని తయారు చేయుట అంతకంటె అవసరము.

కనుక గుడివాడ రోడ్డు మొదలు నూజివీడు రోడ్డు వరకు గల మన బడుల ఉపాధ్యాయులకు, యువజన నాయకులకు మా మనవి ఒక్కటే. ఈ సంవత్సరము పిల్లలకు ఒక పోటీ పెట్టండి. బలము లేని కాలితోనే ఆడవలెనని, బంతిని వెంటనే తోటివానికి అందించవలెనని నియమించండి. గెలిచిన జట్టుకు ఇచ్చే షీల్డు మీద ఆటగాళ్ళ పేర్లతో పాటు వారికి నేర్పిన పంతులు గారి పేరు కూడా వ్రాయించండి.