సెక్రటరీ రహీం సాబ్

మా బన్సీలాల్‌పేట్‌లో ఒక మెట్లబావి ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో, మట్టితో పూడిపోయి ఉండేది. 2022లో పూడిక తీసి బాగుచేశాక ఎక్కడెక్కడి జనమో చూడ్డానికి వచ్చారు. ఆ చుట్టుపక్కలే బంతాట ఆడుతూ పెరిగిన మాకు మాత్రం అది ఎంత లోతో అప్పటిదాకా తెలియనే తెలియదు. సయ్యద్ అబ్దుల్ రహీం సంగతీ ఇంచుమించు అంతే. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చేదాకా, ఆయన మన జంటనగరాల మనిషని మా జట్టులో సగం మందికి తెలియదు. సినిమా చూసొచ్చాక అందరూ కోచ్ రహీం గురించే మాట్లాడుకున్నారు. నా మనసు మాత్రం ఆయన మోసిన ఇంకో బాధ్యత మీదికి పోయింది.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, ఆ జట్టుకు ఆడారు. తర్వాత కమర్ క్లబ్ తరఫున ఆడారు. బతుకుతెరువు మాత్రం బడిపంతులు పని. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పిల్లలకు చెప్పారు, వ్యాయామవిద్యలో డిప్లొమా కూడా చేశారు. ఈ బడిపంతులు ముక్క మరిచిపోతే ఆయన తర్వాత చేసిన పనులేవీ మనకు సరిగా అర్థం కావు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు సెక్రటరీ అయ్యారు. చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్లు, ఆ కుర్చీ ఆయనదే. సెక్రటరీ అంటే మనకు తెలిసిందే కదా! వేదిక మీద కుర్చీ, మెడలో దండ, గ్రూప్ ఫొటోలో మధ్య చోటు. (ఈ సంచిక అచ్చువేస్తున్న మిత్రులు కోపగించుకోవద్దు.) రహీం సాబ్ ఆ పదవితో ఏం చేశారో చూడండి. చిన్నపిల్లలకు పోటీలు పెట్టించారు. మామూలు పోటీలు కావు. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడాల్సిందే. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ పనికిరాదు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి.

వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, ఆటగాడిగా నాకు దీని విలువ తెలుసు. ఇరవై ఏళ్లొచ్చాక ఎడమకాలు తిప్పుకోవడం నేర్చుకోవాలంటే ఒళ్లు మాట వినదు. పన్నెండేళ్లప్పుడైతే వింటుంది. బంతిని దాచుకునే పిల్లవాణ్ణి కోచ్ ఎంత తిట్టినా మార్చలేడు. ఆట నిబంధనే మారిస్తే వాడే మారతాడు. ఆ నిబంధన మార్చే అధికారం కోచ్‌కు ఉండదు, సెక్రటరీకి ఉంటుంది. అధికారమంటే ఇందుకు కూడా వాడొచ్చని నాకు ఆయన కథ తెలిశాకే తట్టింది.

మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంను పట్టుకున్నదీ ఆయనే. ఇంట్లో పేదరికం. రోజూ హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకు రావడానికి చేతిలో డబ్బుల్లేక బలరాం వెనక్కి తగ్గబోతే, అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

ఇక గెలుపుల సంగతి అందరికీ తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ తెచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం. 1952లో హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారక్కడ. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచాం. ఆ జట్టులో అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఇక్కడి ఆటలో పెరిగినవాళ్లే.

ఇక్కడొక సందేహం రావాలి, నాకూ వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీ ఆయనే, సిటీ పోలీస్ కోచ్ ఆయనే, దేశం కోచ్ ఆయనే. ఇవాళ మన జనరల్ బాడీలో ఇలా జరిగితే నేనే లేచి నిలబడి అడ్డుపడతాను. మెల్‌బోర్న్ ఫలితం చూశాక, కుర్రాళ్ల ఎంపికలో తప్పుపట్టడానికి నోరు రాదు. అయినా అన్నీ ఒక్క మనిషి మీదే నిలబెట్టడం ప్రమాదమని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ప్రమాదం 1963లో జరిగింది.

అంతకు ముందు ఏడాది జకార్తా. అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ వాళ్లే ఎదురుపడ్డారు. స్టేడియమంతా మనకు వ్యతిరేకం. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు స్వర్ణం రాలేదు.

1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. వయసు యాభై మూడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది గానీ, ఆ ట్రోఫీ మళ్లీ మన గడప తొక్కలేదు. పదకొండు మందిని ఎవరైనా ఎంచుకోగలరు. ఎంచుకోవడానికి పిల్లల్ని తయారుచేసే పని మాత్రం కుర్చీతోపాటు ఇంకొకరి చేతికి రాలేదు.

మొన్న ఒక ఆదివారం మా బస్తీ పిల్లల్ని పోగుచేసి, ఎడమకాలితోనే తన్నాలని రూలు పెట్టాను. పది నిమిషాలు ఒకటే నవ్వులు, ఒకళ్ల మీద ఒకళ్లు పడటాలు. బస్తీ మొత్తానికి మొనగాణ్ణని చెప్పుకునేవాడు అలిగి మెట్ల మీద కూర్చున్నాడు. వాణ్ణి ఆడమని బతిమాలుతుండగా, ఎప్పుడూ జట్టులో చోటు దొరకని ఒక ఎడమచేతివాటం పిల్లాడు వరుసగా మూడు గోల్స్ కొట్టాడు.