సర్ తామస్ మన్రో: తూచి చూచిన నిర్ణయము

కర్నూలులో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మేము సెలవులకు ఇంటికి వచ్చునపుడు పత్తికొండ మీదుగా ప్రయాణము చేయుచుండెడివారము. 1827 జూలై 6వ తేదీన మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో కలరా సోకి కన్ను మూసిన ఊరు అదియే. పరదేశమునుండి వచ్చిన ఒక అధికారిని మన సీమవారు ఇంతకాలము ఎందులకు తలంచుకొనుచున్నారో నాడు మాకు తెలియలేదు. తరువాత ఆయన చరిత్రను చదివి తెలిసికొన్నదానిని మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మదరాసునకు వచ్చెను. 1792 మొదలు ఏడేండ్లు బారామహలులో కర్నల్ రీడ్ క్రింద భూమిశిస్తు పని నేర్చెను. 1800లో నిజాము తన దక్షిణ మండలములను కంపెనీకి ధారాదత్తము చేయగా, వానికి దత్తమండలములని పేరు వచ్చెను. బళ్ళారి, అనంతపురము, కడప సీమలు అందులోనివే. మన్రో వానికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండెను.

నాడు ఈ సీమలో సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. మన్రో వారి బలమును సైన్యముతో అణచెను. పిదప పొలములను కొలిపించుటకు పూనుకొనెను. ముప్పదిమూడు అడుగుల గొలుసుతో కొలిచిన చదరమునకు గుంట యని పేరు; నలువది గుంటలైన ఒక యెకరము. నేటికిని మన పెద్దలు పొలమును గుంటలలో చెప్పుట మనమెరుగుదుము. మెట్ట, మాగాణి, తోట యని భూములను విభజించి, మధ్యవర్తి లేకుండ రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించెను. ఇదియే రైతువారీ పద్ధతి. ఆయన ఉన్న యేడేండ్లలో ఆదాయము సుమారు సగభాగము పెరిగెను. పై యధికారులు సంతోషించిరి.

మన్రోకు మాత్రము మనసు కుదుటబడలేదు. 1807 ఆగస్టు 15న, స్వదేశమునకు వెళ్ళబోవుచు, తాను విధించిన శిస్తును తానే తగ్గింపుమని పైవారికి వ్రాసెను. ఆదాయము పెంచి మెప్పు పొందినవాడు అదే ఆదాయమును తగ్గింపుమనుట సామాన్యము కాదు. ఈ నిర్ణయమును నేటివారు నిర్ణయ విశ్లేషణ యని పిలుచు శాస్త్రముతో పరిశీలించిన విషయము చక్కగా బోధపడును.

ఆ శాస్త్రమున మొదటి పని లక్ష్యములను వృక్షమువలె గీయుట. కాగితము పైభాగమున ముఖ్య లక్ష్యమును వ్రాయవలెను: సీమ నిలకడగా బ్రతుకుట. దానిక్రింద మూడు కొమ్మలు: సర్కారు ఆదాయము, రైతు యోగక్షేమము, భూమి బీడుపడకుండుట. మొదటి కొమ్మకు రెండు రెమ్మలు: ఈ యేటి వసూలు, రాబోవు ఏండ్ల వసూలు. రెండవదానికి తిండిగింజలు, విత్తనములు, ఎద్దులు, ఇష్టములేని పొలమును విడుచు స్వాతంత్ర్యము. మూడవదానికి సాగగు విస్తీర్ణము, పొలమునకు అమ్ముడుపోవు విలువ. మన్రో ఇట్టి బొమ్మ గీయలేదు. అయినను ఆయన వాదమున ఈ కొమ్మలన్నియు కానవచ్చుచున్నవి. ఈ యేటి వసూలు ఒక్కటే చూచువానికి మిగిలిన రెమ్మలు కనబడవు.

రెండవ పని ప్రయోజనరేఖ గీయుట. ధనము విలువ అందరికిని ఒక్కటి కాదనియు, లేనివానికి ఒక నాణెము కలిగించు మేలు ఉన్నవానికి కలుగదనియు డేనియల్ బెర్నూలీ అను గణితజ్ఞుడు 1738లో నిరూపించెను. అడ్డుగీతపై ధాన్యమును, నిలువుగీతపై దానివలని మేలును గుర్తించిన యెడల, రేఖ మొదట నిట్టనిలువుగా లేచి, పోనుపోను వంగును. మొదటి బస్తా ప్రాణము నిలుపును. నూరవ బస్తా కొట్టు నింపును.

ఇక మన్రో లెక్క చూతము. పంట మొత్తము 100 పాళ్ళనుకొన్న, సర్కారు భాగము 45. అందులో నాలుగవ వంతు, అనగా 11¼ పాళ్ళు తగ్గించిన సర్కారునకు 33¾ మిగులును. రైతు భాగము 55 నుండి 66¼కు పెరుగును. బావులక్రింది తోటభూములకు తగ్గింపు మూడవ వంతు వరకు ఉండవలెనని ఆయన కోరెను. సర్కారు వదలుకొనునది 11¼, రైతునకు చేరునది 11¼. కొలతలో రెండును సమానమే, ప్రయోజనములో కావు. సేద్యపు ఖర్చులు పోగా రైతునకు మిగులునది కొంచెమే గనుక, అతడు రేఖలో నిట్టనిలువు భాగమున నిలిచియున్నాడు. ఆ భాగము దక్కిన ఎద్దును కొనును, బీడును దున్నును, సర్కారునకు పోయిన ఆదాయము కొంతకాలమునకు తిరిగి వచ్చును.

పైవారు అంగీకరింపలేదు. వారికి ధనము తక్షణము కావలసియుండెను. రైతువారీని మాన్పి, గ్రామములను ముందు మూడేండ్లకు, పిదప పదేండ్లకు కౌలునకిచ్చిరి. కౌలుదారులనేకులు చెడిపోయిరి. 1820లో మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన పిదప ఆ తగ్గింపు అమలులోనికి వచ్చెను. నడుమ పదమూడేండ్లు గడచెను.

మన్రో తూనికలోను ఒక రెమ్మ ఆలస్యముగా చేరెను. 1822లో ఆయన రాజధానియందలి పాఠశాలల లెక్క పంపుమని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. తెలుగు వ్యాకరణము రచించిన ఎ. డి. కాంబెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. 1823లో ఆయన పంపిన నివేదికలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు కలరు. అందు 235 కన్నడము, 226 తెలుగు. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీకము, అరవము, ఆంగ్లము. రెండు భాషలును ఈ నేలపై పక్కపక్కనే చదువబడెనని ఈ అంకెలు చాటుచున్నవి. జనులు బీదలగుటచే పిల్లల చదువులు మానుచున్నవనియు కాంబెల్ విన్నవించెను. శిస్తు లెక్కలో ఎవరును వ్రాయని నష్టము బడిలో కనబడినది. 1826లో మన్రో ప్రతి జిల్లాకును, ప్రతి తాలూకాకును పాఠశాలలుండవలెనని ప్రతిపాదించెను గాని, అవి స్థిరపడకమునుపే పత్తికొండలో మరణించెను. ఆయన దేహమును గుత్తిలో పాతిపెట్టి, తరువాత మదరాసు కోటకు తరలించిరి.

ఆయన కంపెనీ సేవకుడు; కంపెనీ రాజ్యము నిలుపుటయే ఆయన వృత్తి. దానిని మరువరాదు. అయినను తన లెక్కను తానే మరల తూచి, తప్పనిపించినపుడు చెప్పగలిగెను.

విద్యార్థులారా, పదవ తరగతి ముగిసినపుడు ఏ చదువు, ఏ ఊరు, ఏ భాషయను ప్రశ్న మీ యింట తప్పక వచ్చును. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు మన కుటుంబములకు ఇది పరిచితమైన ప్రశ్నయే. అప్పుడు ఖర్చు ఒక్కటే చూడక, అమ్మానాన్నలతో కూర్చుండి కొమ్మలన్నియు కాగితముపై గీయుడు. ఏ కొమ్మవద్ద మీకు కొరత ఎక్కువగా ఉన్నదో అచ్చట వేలు పెట్టి చూపుడు. ఎవరి మాట వినబడలేదో వారినికూడ అడుగుడు. ఆ పిమ్మట నిర్ణయింపుడు.