తీరని సంకల్పము - బొయీతియస్

పశ్చిమ రోమను సామ్రాజ్యము 476లో అంతరించెను. మఱి కొలది యేండ్లకు, 480 ప్రాంతమున, బొయీతియస్ రోము నగరమందొక ప్రఖ్యాత వంశమున జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతింపగా, సిమ్మాకస్ అను ప్రముఖుడు ఆతనిని పెంచి, విద్య చెప్పించి, తన కుమార్తె నిచ్చి వివాహము చేసెను.

ఇటలీ అప్పుడు గోతుల రాజగు థియోడోరిక్ యేలుబడిలో నుండెను. పశ్చిమ దేశములలో గ్రీకు భాష నెఱిగినవారు నానాటికి తఱుగుచుండిరి. అట్టి తరుణమున బొయీతియస్ ఒక మహాకార్యము తలపెట్టెను. ప్లేటో, అరిస్టాటిల్ గ్రంథములన్నిటిని లాటినులోనికి తెచ్చి, మూలసిద్ధాంతములలో ఆ యిరువురికి భేదము లేదని నిరూపించుటయే ఆతని సంకల్పము.

మొదట తర్కమును చేపట్టెను. అరిస్టాటిల్ తర్కగ్రంథములను పెక్కింటిని, వానికి పోర్ఫిరీ రచించిన ప్రవేశికను అనువదించి, కొన్నిటికి వ్యాఖ్యలు వ్రాసెను. శైలికి సొగసు తగ్గినను సరే, అర్థము తప్పరాదని మాటకు మాట నిలుపుట ఆతని పద్ధతి. మనుష్యత్వము వంటి జాతి వస్తువులందున్నదా, మనస్సునందే యున్నదా అను ప్రశ్నను పోర్ఫిరీ లేవనెత్తి విడిచిపెట్టెను. బొయీతియస్ దానిని విపులముగా చర్చించెను. 12వ శతాబ్దమున అబెలార్డు మొదలగు పండితులు సాగించిన వాదములకు ఆ చర్చయే ఆధారమాయెను.

రాజకీయములందును ఆతడు ఉన్నతి గాంచెను. 510లో కాన్సల్ పదవి నందెను. 522లో ఇరువురు కుమారులును ఒక్కసారే ఆ పదవి నలంకరించిరి. ఆ యేటనే ఆతడు రాజాస్థానమున ప్రధానాధికారి యాయెను. అంతలో అల్బినస్ అను సెనేటు సభ్యుడు కాన్‌స్టాంటినోపులుతో కుట్ర పన్నెనని అభియోగము వచ్చెను. బొయీతియస్ వెనుదీయక అతని పక్షము వహించెను. రాజద్రోహ దోషము తనపైననే పడెను. చెఱలో మృత్యువు నెదురుచూచుచు, తత్త్వవిద్య స్త్రీరూపమున వచ్చి తన్ను ఓదార్చినట్లు ఒక గ్రంథము రచించెను. 524 ప్రాంతమున ఆతనికి మరణశిక్ష జరిగెను. పెంచిన సిమ్మాకసును పిమ్మట అట్లే హతుడాయెను.

ఆతని చేతి ప్లేటో అనువాద మొక్కటియు మనకు దక్కలేదు. అయినను సుమా రాఱువందల యేండ్లు లాటిను పాఠశాలలకు దక్కిన అరిస్టాటిల్, ముఖ్యముగా బొయీతియస్ అనువదించిన రెండు చిన్న పుస్తకములే. తక్కిన గ్రంథములు 12, 13 శతాబ్దులలో అరబ్బీనుండియు గ్రీకునుండియు వచ్చెను. వానిని అందుకొన్న పండితులు తర్కపరిభాషను అప్పటికే బొయీతియస్ లాటినులో అభ్యసించి యుండిరి. తలపెట్టినదానిలో తీరినది కొంచెమే. ఆ కొంచెమే పెక్కు తరములకు విద్యాద్వార మాయెను.