గేరీ కిల్డాల్: డిస్కుకు మాట నేర్పిన అధ్యాపకుడు

కొందరిని లోకం వారు చేసిన పనిని బట్టి గాక, వారి చేయి జారిపోయిన లాభాన్ని బట్టి గుర్తు పెట్టుకుంటుంది. గేరీ కిల్డాల్ అట్టి దురదృష్టవంతులు. ఐ.బి.ఎం. సంస్థవారు బేరానికి గుమ్మంలోకి వచ్చిన రోజున విమానంలో విహరిస్తూ కోట్లు పోగొట్టుకున్న వ్యక్తిగా ఆయనను చెప్పుకోవడం కంప్యూటరు చరిత్రలో ఒక ఆనవాయితీ అయిపోయింది. ఆ కథలో నిజమెంతో తరువాత చూద్దాం. ఆయన జీవితంలోని ముఖ్యమైన కార్యం అంతకు నాలుగేళ్ళ ముందే పూర్తయింది. అది ఒక డిస్కు కంట్రోలర్ కార్డు ముందు కూర్చొని సాధించినది. కొత్త ప్రింటరును గాని, డిస్కును గాని తగిలించినప్పుడు దానికి డ్రైవర్ వేశారా అని నేడు మనం అడుగుతాము. ఆ ప్రశ్న వెనుక ఉన్న ఆలోచన పెద్ద యంత్రాలకు అదివరకే తెలుసు. దానిని బల్లమీద పట్టే చిన్న కంప్యూటర్ల లోకంలో నాటినవారు కిల్డాల్.

ఆయన 1942 మే 19వ తేదీన అమెరికాలోని సియాటిల్ రేవు పట్టణంలో జన్మించారు. వారి కుటుంబానికి ఒక నౌకాయాన పాఠశాల ఉండేది. ఓడ నడిపేవారికి దిక్కులను, దూరాలను లెక్కకట్టే విద్య అక్కడ నేర్పేవారు. బందరువాసులకు ఇట్టి విద్య విలువను వేరే చెప్పనక్కరలేదు. గేరీ చిన్ననాట చురుకైన విద్యార్థిగా పేరు తెచ్చుకోలేదు. పుస్తకాలకంటె మోటారు కార్ల మీద మక్కువ ఎక్కువ. కొంతకాలం కుటుంబ పాఠశాలలోనే బోధించి, గణితోపాధ్యాయుడు కావాలన్న సంకల్పంతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కంప్యూటరు ఆయనను తన వైపు త్రిప్పుకున్నది. 1963లో డొరతీ మెక్యూయెన్‌ను వివాహమాడారు. సైనిక సేవ తప్పనిసరిగా ఉన్న ఆ రోజులలో, యుద్ధనౌక ఎక్కవలసిన వయస్సులో, కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణాన గల నౌకాదళ స్నాతకోత్తర పాఠశాలలో అధ్యాపకులుగా నియమితులై ఆ బాధ్యతను తీర్చుకున్నారు. 1972లో డాక్టరేటు పొందారు. మరుసటి సంవత్సరం ప్రకటించిన పరిశోధనా వ్యాసంలో, కంపైలర్లు ప్రోగ్రాములను సంస్కరించడానికి ఆయన చూపిన పద్ధతి నేటికీ ఆయన పేరనే బోధింపబడుతున్నది. కావున ఆయనను అదృష్టం కలిసివచ్చిన చేతిపనివాడుగా భావించరాదు. శాస్త్రజ్ఞానం నిండుగా గల అధ్యాపకులాయన.

1971 చివర ఇంటెల్ కంపెనీ గోరంత చిప్పులో ఒక ప్రాసెసరును ఇమిడ్చి విక్రయించసాగింది. సహాధ్యాపకులు చాలామంది దానిని ఆటవస్తువుగా చూచారు. కిల్డాల్ మాత్రం వారానికొక రోజు ఇంటెల్‌కు వెళ్ళి సలహాదారుగా పనిచేశారు. ఆ చిప్పుల నడకను పెద్ద కంప్యూటరు మీద అనుకరించే ప్రోగ్రాములు వ్రాశారు, 1973లో పి.ఎల్./ఎం. అనే భాషను రూపొందించారు. ప్రతిఫలంలో భాగంగా లభించిన చిన్న యంత్రాలను తరగతి గది వెనుక అమర్చి విద్యార్థుల చేత పనిచేయించేవారు. అయితే ఆ యంత్రాలకు ఒక పెద్ద లోపం ఉండేది. వ్రాసినదానిని దాచుకొనేందుకు చిల్లుల కాగితపు చుట్ట తప్ప వేరు సాధనం లేదు. ఒక ప్రోగ్రామును ఎక్కించడానికి నిమిషాలు పట్టేది, కాగితం చిరిగితే మళ్ళీ మొదటికి.

ఆ తరుణంలోనే ఫ్లాపీ డిస్కు బజారులోకి వచ్చింది. షుగార్ట్ కంపెనీలో మన్నిక పరీక్ష కోసం పదివేల గంటలు త్రిప్పి అరగదీసిన డ్రైవు ఒకటి, కొన్ని ప్రోగ్రాములు వ్రాసి ఇచ్చినందుకు బదులుగా, కిల్డాల్‌కు దొరికింది. తీరా చూస్తే అది వట్టి డ్రైవు. దానికి పెట్టె లేదు, కేబుళ్ళు లేవు, విద్యుత్తు సరఫరా లేదు. అన్నింటికీ మించి దానిని కంప్యూటరుతో కలిపే కంట్రోలర్ కార్డు లేదు. తానే తయారు చేయబోయి విఫలులయ్యారు. ఎలెక్ట్రానిక్స్ ఆయన విద్య కాదు. ఆ డ్రైవు చాలాకాలం ఆయన గదిలో ఊరకనే పడి ఉన్నది.

ఈ కంట్రోలర్ అంత దుర్ఘటమైన వస్తువు ఎందుకయిందో విద్యార్థి మిత్రులు కొంత ఓపికతో తెలుసుకొనడం మంచిది. ఆనాటి ఎనిమిది అంగుళాల డిస్కు మీద 77 ట్రాకులు, ఒక్కొక్క ట్రాకులో 26 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 128 బైట్లు ఉండేవి. అన్నీ కలిపి 2,56,256 బైట్లు, అనగా నేటి ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రం కూడా పట్టదు. డిస్కు నిమిషానికి 360 సార్లు తిరిగేది. తల సరైన ట్రాకు మీదికి చేరి స్థిరపడాలి. కోరిన సెక్టారు దాని క్రిందికి వచ్చేవరకు కాచుకోవాలి. వచ్చిన తరువాత 32 మైక్రోసెకన్లకు ఒక బైటు చొప్పున ఆగకుండా వచ్చిపడుతుంది. అప్పటి ఇంటెల్ 8080 ప్రాసెసరుకు ఆ వ్యవధిలో 64 గడియార స్పందనలు మాత్రమే దొరుకుతాయి, అందులో పట్టుమని పది ఆదేశాలు నెరవేర్చడమే కష్టం. ఒక్క బైటు అందుకోలేకపోతే సెక్టారు మొత్తం పోయినట్లే. పోయినదానిని మళ్ళీ చదవాలంటే డిస్కు ఒక పూర్తి చుట్టు తిరిగి రావాలి.

1974లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంనాటి మిత్రుడు జాన్ టొరోడ్ ఈ బాధ్యతను స్వీకరించి కంట్రోలర్‌ను నిర్మించి ఇచ్చారు. కిల్డాల్ దానిని నడిపే ప్రోగ్రామును సమకూర్చారు. మాంటెరే ప్రక్కనే ఉన్న పసిఫిక్ గ్రోవ్‌లో, ఇంటి వెనుక పనిముట్లు పెట్టుకొనే గదిలో, ఇరువురూ కలిసి కాగితపు చుట్ట నుండి ప్రోగ్రామును డిస్కుకు ఎక్కించి, ఆ డిస్కు నుండే యంత్రాన్ని లేపారు. తెర మీద ఆదేశం కోసం ఎదురుచూచే గుర్తు వెలిసింది. ఆ ప్రోగ్రాముకు సి.పి./ఎం. అని పేరు. ఈ మూడక్షరాలు వినగానే మన కృష్ణాజిల్లావారికి వేరొకటి స్ఫురించక మానదు గాని, ఇక్కడ అది చిన్న కంప్యూటర్ల నియంత్రణ ప్రోగ్రాము అన్నదానికి సంక్షిప్త నామం మాత్రమే. కొనవలసిందిగా ఇంటెల్‌ను అడిగితే వారు వద్దన్నారు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి స్వంతంగా సంస్థ పెట్టుకున్నారు. మొదట దాని పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రిసెర్చ్. తరువాత డిజిటల్ రిసెర్చ్‌గా కుదించారు. వ్యవహారమంతా డొరతీ చూచుకొనేవారు. ఆ సంస్థ నిలబడడంలో ఆమె పాత్రను చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

కష్టం అక్కడితో తీరలేదు. ప్రతి తయారీదారూ తనకు తోచిన కంట్రోలర్ కార్డును చేసి అమ్మసాగాడు. ఒకదానిలో బైట్లను ప్రాసెసరే ఒక్కొక్కటిగా లాగుకోవాలి. మరొకదానిలో కార్డే నేరుగా మెమరీలో పోసిపెడుతుంది. ఆజ్ఞలు పంపే ద్వారాల సంఖ్యలు ఏ రెండింటికీ ఒకటి కావు. కొత్త కార్డు వచ్చినప్పుడల్లా కిల్డాల్ తన ప్రోగ్రామును విప్పి, తిరుగవ్రాసి, మళ్ళీ కుట్టవలసి వచ్చేది. 1976లో ఇంసై కంపెనీ తరఫున గ్లెన్ యూయింగ్ మరొక కంట్రోలర్‌తో వచ్చేనాటికి ఆయన ఈ చాకిరీతో విసిగి ఉన్నారు. కార్డు స్వభావం మీద ఆధారపడే భాగాన్నంతటినీ ఏరి, ఒక చిన్న ముక్కగా విడదీసి, దానికి బయాస్ అని పేరు పెట్టారు. మిగిలిన భాగానికి ఇక ఏ కార్డుతోనూ ప్రత్యక్ష సంబంధం లేదు.

మన కాలువల మీద దీనికి చక్కని పోలిక ఉన్నది. పులిగడ్డ ఆక్విడక్టు మీదుగా దివిసీమకు పారే నీరైనా, గుడివాడ వైపు సాగే నీరైనా తూముల గుండా చేలకు చేరవలసినదే. ఒక తూముకు మర త్రిప్పాలి, ఒక తూముకు చెక్కలు ఎత్తాలి, వేరొక తూము తుప్పుపట్టి సగం దాకనే లేస్తుంది. ఈ మర్మాలు రైతుకు అనవసరం. అవి ఎరిగినవాడు లస్కరు. నా చేనికి నీరు వదలమని రైతు ఒకే మాట చెబుతాడు. తూము మారితే లస్కరు కొత్త పని నేర్చుకుంటాడు గాని, ఆయకట్టు రైతులందరూ నేర్చుకోనక్కరలేదు. బయాస్ అట్టి లస్కరు. తలను సున్నా ట్రాకుకు చేర్చు, ఈ డ్రైవును ఎన్నుకో, ఈ ట్రాకుకు పో, ఈ సెక్టారును పట్టు, మెమరీలో ఇక్కడ పెట్టు, చదువు, వ్రాయి: డిస్కుకు సంబంధించి పైనుండి వచ్చే ఆజ్ఞలు ముఖ్యంగా ఇవే. కీబోర్డు, తెర, ప్రింటరు మొదలైన వాటివి కూడా కలుపుకొని సి.పి./ఎం. రెండవ రూపంలో మొత్తం పదిహేడు. ఆ పదిహేడింటికీ సరియైన జవాబు వ్రాయగలవాని చేతిలో ఎంత వింత కార్డు అయినా పలుకుతుంది.

ఈ ఆజ్ఞలలో సెక్టారు సంఖ్యను మార్చి చెప్పే ఒకదానిని గూర్చి ప్రత్యేకించి చెప్పక తప్పదు. ఒకటవ సెక్టారును చదివి ప్రాసెసరు దానిని సర్దుకొనేలోగా రెండవది తల క్రింద నుండి దాటిపోతుంది. దానికోసం సెకనులో ఆరవ వంతు కాచుకోవాలి. ఇట్లు 26 సెక్టార్లకు 26 చుట్లు. కిల్డాల్ వరుసను ఆరేసి అంగలతో అమర్చారు: 1, 7, 13, 19, 25, 5, 11 అను క్రమం. తల క్రిందికి తరువాతి సెక్టారు వచ్చేసరికి ప్రాసెసరు సిద్ధంగా ఉంటుంది. సుమారు ఆరు చుట్లలో ట్రాకు పూర్తవుతుంది. ఒక్క పైసా విలువైన పరికరం అదనంగా చేర్చకుండానే వేగం నాలుగింతలయింది.

ఇంసై 1977లో 25,000 డాలర్లు ఇచ్చి సి.పి./ఎం.ను తీసుకున్నది. అనతికాలంలోనే అది వందలాది రకాల యంత్రాల మీదికి ప్రాకింది. ఇందుకు కిల్డాల్ అనుసరించిన అధ్యాపక ధోరణే చాలావరకు కారణమని నేను తలుస్తాను. తన బయాస్‌ను ఎట్లా మార్చుకోవాలో వివరించే మార్గదర్శిని ఒకటి, నమూనా ప్రోగ్రాముతో సహా, కొన్నవారికందరికీ ఆయన అందజేశారు. చదవడం విఫలమైతే వెంటనే చేతులెత్తక పదిమార్లు ప్రయత్నించవలెనన్నంత సూక్ష్మంగా అందులో బోధించారు. వ్యాపారి అయినవాడు ఆ రహస్యాన్ని పెట్టెలో దాచుకొనేవాడు.

ఆ తెరిచిన పుస్తకమే మరొక విధంగానూ ఉపయోగపడింది. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ సంస్థలో టిమ్ ప్యాటర్సన్, సి.పి./ఎం. ప్రోగ్రాములు సులభంగా మార్చుకొనేలా, దాని పిలుపుల పద్ధతినే అనుసరించి 86-డాస్ వ్రాశారు. ఇది తన కృతికి నకలని కిల్డాల్ తలచారు. మాన్యువల్ చూచి వ్రాశానే గాని ప్రోగ్రామును కాపీ చేయలేదని ప్యాటర్సన్ వాదం. అదే సంవత్సరం ఐ.బి.ఎం. ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్‌కు వచ్చిన రోజున కిల్డాల్ తన విమానంలో వెళ్ళిన మాట నిజమే. అయితే అది విహారం కాదు, ఒక ఖాతాదారుతో పని. మధ్యాహ్నానికి తిరిగివచ్చి సమావేశంలో కూర్చున్నారు. రహస్య ఒప్పందం షరతుల మీద డొరతీ, న్యాయవాది ఉదయమంతా సందేహించారు. బేరం కుదరలేదు. ఐ.బి.ఎం. మైక్రోసాఫ్ట్‌ను ఆశ్రయించింది, మైక్రోసాఫ్ట్ 86-డాస్‌ను కొని ఇచ్చింది. కిల్డాల్ అభ్యంతరం మీద ఐ.బి.ఎం. సి.పి./ఎం.-86ను కూడా అమ్మడానికి ఒప్పుకున్నది గాని, డాస్ 40 డాలర్లు, ఇది 240 డాలర్లు. ఎవరు దేనిని కొన్నారో వేరే చెప్పాలా?

చిత్రమేమంటే, గెలిచిన డాస్ కడుపులోనూ కిల్డాల్ గీచిన గీతే ఉన్నది. యంత్రభాగం ఒక ఫైలు, మిగిలినది మరొక ఫైలు. 1983లో వచ్చిన రెండవ డాస్‌తో, ఎవరి డ్రైవర్‌ను వారు విడిగా వ్రాసి తగిలించుకొనే వీలు కలిగింది. నేటి లినక్స్ మూలగ్రంథంలో సగానికి మించి డ్రైవర్లే.

తరువాతి సంవత్సరాలు ఆయనకు సుఖంగా గడిచినట్లు తోచదు. 1983లో దాంపత్యం విచ్ఛిన్నమైనది. ఆ ఏటి నుండి 1990 వరకు టెలివిజన్‌లో కంప్యూటర్ల కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ప్రజలకు పరిచితులయ్యారు. 1985లో ఒక విజ్ఞానసర్వస్వాన్ని సి.డి.రాం. మీదికి తెచ్చే పనిలో అగ్రగాములయ్యారు. కొత్త డిస్కు కనిపిస్తే ఆయన చేతులు ఊరకుండేవి కావు. 1991లో డిజిటల్ రిసెర్చ్‌ను నోవెల్ సంస్థ కొనుగోలు చేసింది. 1994 జూలైలో మాంటెరేలో తలకు తగిలిన గాయంతో, 11వ తేదీన, 52వ ఏట మరణించారు. పసిఫిక్ గ్రోవ్‌లోని లైట్‌హౌస్ ఎవెన్యూలో, ఒకనాడు ఆయన సంస్థ ఉన్న ఇంటి ముందు, 2014లో అంతర్జాతీయ ఎలెక్ట్రికల్ ఇంజనీర్ల సంఘంవారు స్మారక ఫలకం వేశారు. అదే సంవత్సరం సి.పి./ఎం. తొలి రూపాల మూలపాఠాన్ని కంప్యూటరు చరిత్ర మ్యూజియం విడుదల చేసింది.

ఆ పాఠాన్ని ముందుంచుకొని, అటకల మీది నుండి దింపిన పాత కంట్రోలర్ కార్డులకు బయాస్ వ్రాసేవారు నేటికీ దేశదేశాలలో ఉన్నారు. తయారు చేసిన కంపెనీ ఉండదు, అడుగుదామంటే మనిషి ఉండడు. కార్డు మీది చిప్పుల సంఖ్యలు, కిల్డాల్ మార్గదర్శిని మాత్రమే ఆధారం. వారు తరచుగా ముందు పలికించే ఆజ్ఞ తలను సున్నా ట్రాకుకు చేర్చడం. అది పలికితే డ్రైవులో నుండి టకటకమని చప్పుడు వస్తుంది, ఆపైన చదవడం మొదలుపెడతారు.