డాక్టరు మేరియా మాంటిస్సోరి

మన తిరుత్తణి నుండి అరక్కోణము, తిరువళ్ళూరుల మీదుగా చెన్నపట్టణమునకు రైలులో పోయి రానివారు మనలో అరుదు. ఆ పట్టణమున అడయారునందు దివ్యజ్ఞాన సమాజమువారి విశాలమైన తోట కలదు. అందలి మఱ్ఱిచెట్టు ప్రసిద్ధమైనది. 1939వ సంవత్సరాంతమున ఆ తోటలో తాటాకు పాకలలో ఇంచుమించు మూడువందలమంది కూర్చుండి, డెబ్బదియేండ్లకు సమీపించిన ఇటలీ దేశపు స్త్రీ యొకతె చెప్పు పాఠములను వినుచుండిరి. ఆమె తన మాతృభాషలోనే మాటలాడుచుండెను. కుమారుడు మేరియో ప్రక్కన నిలిచి ఆంగ్లములో చెప్పుచుండెను. ఆనాడు మన తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది; చెన్నపట్టణము తెలుగువారికిని తమిళులకును ఉమ్మడి రాజధాని. ఆ బోధకురాలే డాక్టరు మేరియా మాంటిస్సోరి.

నేడు ఆ పేరు వినగానే హెచ్చు రుసుము పుచ్చుకొను శిశుపాఠశాలల బోర్డులు మనకు జ్ఞప్తికి వచ్చును. కాని ఆమె పని ప్రారంభమైనది అట్టి బడులలో కాదు. వీరికి చదువు రాదని లోకము విడిచివేసిన పిల్లలతో ప్రారంభమైనది.

1870వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన ఇటలీలోని కియరవాల్లె అను చిన్న ఊరిలో ఆమె జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె విద్యయందు మిక్కిలి ప్రీతి గలది. కుమార్తె వైద్యవిద్య నేర్తునన్నపుడు తండ్రికి అది రుచింపలేదు. తల్లి అండగా నిలిచెను. రోము విశ్వవిద్యాలయమున పురుషులతో కలిసి శవచ్ఛేదనము చేయుట స్త్రీకి తగదని యెంచి, అందరును వెడలిపోయిన పిమ్మట ఒంటరిగా ఆ పని చేసికొమ్మనిరి. ఆమె అటులనే చేసి 1896లో పట్టము పొందెను. ఇటలీలో వైద్యులైన తొలి స్త్రీలలో ఆమె యొకతె.

పిదప విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయమున సహాయకురాలిగా పనిచేయుచు ఆమె రోములోని పిచ్చాసుపత్రులకు పోవుచుండెడిది. బుద్ధి వికాసము మందగించిన పసిపిల్లలను ఆ కాలమున అచటనే పెద్దలైన రోగులతోపాటు ఉంచెడివారు. ఒకచోట భోజనము కాగానే పిల్లలు నేలపై బడిన రొట్టె ముక్కలకై ఎగబడుచుండిరి. అది తిండిపోతుతనమని కావలివారు ఈసడించుకొనిరి. మాంటిస్సోరి ఆ గదిని నలుదిక్కుల పరికించెను. పట్టుకొని చూచుటకు, త్రిప్పుటకు, అమర్చుటకు అందు ఒక్క వస్తువైనను లేదు. ఆ పిల్లలు వెదకుచున్నది తిండిని కాదు, చేతులకు పనిని.

అంతకు పూర్వము ఫ్రాన్సు దేశమున ఇటార్, సెగ్విన్ అను వైద్యులిరువురు అట్టి పిల్లల విద్యకై పాటుపడియుండిరి. వారి గ్రంథములను ఆమె ఆదినుండి తుదివరకు స్వహస్తముతో ఇటాలియను భాషలో వ్రాసికొనెను. ప్రతి మాటయు నిలిచి ఆలోచించుటకే అంత శ్రమ. 1898లో ట్యూరిన్ నగరమున ఉపాధ్యాయుల మహాసభలో, ఈ పిల్లల సమస్య మందులకంటె విద్యకు సంబంధించినదని ఆమె వాదించెను. 1900లో ఇట్టివారికై రోములో ఒక పాఠశాల వెలసెను. అచట ప్రాతఃకాలము ఎనిమిది గంటలనుండి సాయంకాలము ఏడుగంటలవరకు స్వయముగా పిల్లలతో ఉండెడిది. పిచ్చాసుపత్రులనుండి వచ్చిన పిల్లలు కొందరు చదువను వ్రాయను నేర్చి, సామాన్య విద్యార్థులతోపాటు పరీక్షకు కూర్చుండి కృతార్థులైరి. లోకము అబ్బురపడెను. ఆమెకు మాత్రము వేరొక సందేహము కలిగెను: ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులు ఇంత తక్కువలో ఏల నిలిపివేయుచున్నవి?

ఆ సందేహమే ఆమెను సాన్ లొరెంజో అను పేదల వాడకు చేర్చెను. 1907 జనవరి 6వ తేదీన అచట కూలివారి బిడ్డలకై ఆమె శిశుగృహమును తెరచెను. ఒకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయుట మరచెను. తిరిగి వచ్చి చూడగా పిల్లలు తమకు కావలసిన సామానులను తీసికొని పనిలో మునిగియుండిరి. ఉపాధ్యాయిని దానిని దొంగతనమని తలచెను. మాంటిస్సోరి మాత్రము ఏ వస్తువు ఎచటనున్నదో వారికి తెలిసియున్నదని గ్రహించి, బీరువాలకు బదులు పిల్లల చేతికందు పొట్టి అరలను పెట్టించెను. ప్రతి వస్తువునకు ఒక చోటు. తీసినవారే తిరిగి అచట పెట్టవలెను.

అచటనే మూడేండ్ల బాలిక యొకతె కొయ్యదిమ్మెలోని గుంటలలో వాని వాని కొలతకు తగిన బిళ్ళలను అమర్చుచుండెను. తక్కిన పిల్లలు చుట్టును పాడిరి. ఆమెను కుర్చీతోగూడ ఎత్తి బల్లపై కూర్చుండబెట్టిరి. ఆమె తల ఎత్తలేదు. నలువదికి పైగా పర్యాయములు ఆ పని చేసి, తనంతట తానే ముగించి, నిద్రనుండి లేచినట్లు ప్రసన్నముగా చుట్టును చూచెను. పని నడుమ పిల్లలను లేపరాదని మాంటిస్సోరి నిర్ణయించెను. ఆమె పద్ధతి ననుసరించు బడులలో ఉదయమున ఇంచుమించు మూడు గంటల కాలము గంట మ్రోగదు.

నేపుల్స్ నగరము కడ ఆమె చూచిన సంగతి యొకటి నాకు మరువరానిది. కొందరితో కలిసి ఒక సొరంగమార్గమున నడచుచుండగా, తల్లి చంకలోని ఒకటిన్నర యేండ్ల శిశువు ఉన్నట్టుండి ఏడ్పు లంకించుకొనెను. ఎందరు ఎత్తుకొన్నను ఊరుకొనలేదు. ఉక్క చేత తల్లి తన కోటును విప్పి చేతిపై వేసికొనియుండెను. మాంటిస్సోరి దానిని కనిపెట్టి, కోటును మరల తొడుగుకొమ్మని వేడెను. శిశువు తక్షణమే శాంతించెను. కోటు ఉండవలసిన చోట లేకపోవుటయే ఆ పసివాని దుఃఖము.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచట మాంటిస్సోరి పద్ధతి అయిదు మార్కుల ప్రశ్న. కంఠస్థము చేసి వ్రాసితిని. పిమ్మట నేను తొలుత పనిచేసిన బడిలో ఒక బాలుడుండెను. గంట మ్రోగగానే తక్కినవారు తెలుగు పుస్తకమును సంచిలో పెట్టి లెక్కల పుస్తకమును తీయుదురు. వాడు తెలుగు పుస్తకమును రెండు చేతులతో అదిమిపట్టుకొనెడివాడు; లాగినచో గోలుగోలున ఏడ్చెడివాడు. మొండితనమని తలచి బెంచీ ఎక్కించితిని. ఆ సంవత్సరము నడుమనే వాడు బడి మానెను. కోటు కథను నేను చదివినది ఎన్నో యేండ్ల తరువాత. గంటకు ముందే వానికడకు పోయి, ఇంక రెండు పంక్తులు వ్రాసి పుస్తకము మూయవలెననియు, పిదప లెక్కలు వచ్చుననియు మెల్లగా చెప్పియుండవచ్చును. చెప్పలేదు.

మాంటిస్సోరి బడిలో నిశ్శబ్దపు ఆట అని యొకటి కలదు. పిల్లలందరు కదలక మెదలక కూర్చుందురు. ఉపాధ్యాయిని ప్రక్క గదిలోనుండి ఒక్కొక్కరి పేరును గుసగుసగా పిలుచును. పిలువబడినవారు చప్పుడు కాకుండ లేచి పోవుదురు. ఒక స్థితినుండి వేరొక స్థితికి మారుట అందు శిక్షవలె గాక వేడుకగా జరుగును.

తల్లిదండ్రులారా! మన యిండ్లలోని పిల్లలు ఒక్క దినములోనే ఎన్ని గడపలు దాటుదురో చూడుడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పాఠమున మరియొక భాష. అందరికిని ఇది కష్టమే. నేర్చుటలో వెనుకబడిన బిడ్డకు మరింత కష్టము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజము, ప్రత్యేక అభ్యసన వైకల్యము మొదలుగా ఇరువదియొక్క విధములను గుర్తించినది. కాని సంచి తగిలించుటకు ఒకే మేకు, స్నానము, భోజనము, బడి, ఆట అను వానిని వరుసగా చూపు నాలుగు బొమ్మలు, తరువాత జరుగబోవు దానిని ముందుగా ఇంటి భాషలో చెప్పుట, ఇవి ఏ చట్టమును ఇచ్చునవి కావు. నా తరగతి గోడపై అట్టి బొమ్మలు ఇప్పుడున్నవి. వానివలన పిల్లలకంటె నాకే మేలు హెచ్చు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధమున ప్రవేశించగా ఆంగ్ల ప్రభుత్వము మేరియోను అహమద్‌నగరున నిర్బంధించి, ఆమెను అడయారు దాటరాదని ఆజ్ఞాపించెను. ఆగష్టు 31న, ఆమెకు డెబ్బదియేండ్లు నిండిన నాడు, కుమారుని విడిచిపెట్టిరి. పిమ్మట రెండేండ్లు కొడైకెనాలులో నివసించి, అచటి పిల్లల నడుమ తన పరిశీలనలను కొనసాగించెను. 1946లో ఐరోపాకు పోయి, మరల మన దేశమునకు వచ్చి, 1949లో తుదిసారి సెలవు తీసికొనెను. 1952వ సంవత్సరము మే 6వ తేదీన హాలెండునందలి నోర్డ్‌వైక్ అను సముద్రతీరపు ఊరిలో ఆమె కన్నుమూసెను. ఆమె సమాధి అచటనే యున్నది.