తెలియదని ఒప్పుకొన్న జ్ఞాని

అపొస్తలుల కార్యముల 17వ అధ్యాయము చదివిన మనకు ఏథెన్సు పట్టణము క్రొత్తది కాదు. అక్కడి సంతవీధిలో పౌలు ప్రతిదినము జనులతో మాటలాడుచుండగా, ఎపికూరీయులు, స్తోయికులు అను తత్వజ్ఞానులు ఆయనతో వాదించిరి. అంతకు 450 ఏండ్ల క్రిందట అదే సంతవీధిలో సోక్రటీసు అను ఒక మనుష్యుడు ఎదురైన ప్రతివానిని ప్రశ్నలడుగుచు తిరుగుచుండెను. తనకు జ్ఞానము లేదని అతడు చెప్పుచుండెడివాడు. అయినను న్యాయమని నమ్మినదానిని విడువక దాని కొరకు ప్రాణమిచ్చెను. తెలియదని చెప్పినవాడు అంత స్థిరముగా ఎట్లు నిలువగలిగెను? ఈ నెల మనము ఆ సంగతి ఆలోచింతము.

సోక్రటీసు సుమారు క్రీ.పూ. 470లో పుట్టెను. తండ్రి సొఫ్రోనిస్కసు రాతిపనివాడని చెప్పుదురు. తల్లి ఫైనరెతె మంత్రసాని. సోక్రటీసు సైనికుడుగా పొటిడియ, డీలియము, ఆంఫిపొలిసు అను చోట్ల యుద్ధము చేసి ధైర్యవంతుడని పేరు పొందెను. భార్య జాంతిప్పె. వారికి ముగ్గురు కుమారులు. అతడు బీదవాడు, తరచుగా చెప్పులు లేకయే నడిచెడివాడు. ఆ కాలమున సోఫిస్టులను బోధకులు ధనవంతుల పిల్లల యొద్ద సొమ్ము పుచ్చుకొని వాదించు నేర్పును బోధించుచుండిరి. ఇతడు ఎవరి యొద్దను కాసు పుచ్చుకొనలేదు. ఒక్క గ్రంథమైనను వ్రాయలేదు. అతని సంగతులు మనకు ముఖ్యముగా ప్లేటో, జెనొఫోను అను శిష్యుల వ్రాతల వలన తెలిసినవి.

ఒకప్పుడు అతని స్నేహితుడైన కైరెఫోను డెల్ఫీలోని అపొల్లో గుడికి వెళ్లి, సోక్రటీసు కంటె జ్ఞాని ఎవడైన కలడాయని అడిగెను. ఎవడును లేడని పూజారిణి జవాబిచ్చెను. సోక్రటీసు ఇది విని పొంగిపోలేదు, కలవరపడెను. ఆ మాటలోని భావమేమో పరీక్షింపవలెనని బయలుదేరెను. మొదట రాజకీయ నాయకులను, పిమ్మట కవులను, చివరకు చేతిపనివారిని దర్శించెను. నాయకులు తమకు సమస్తము తెలుసునని తలంచిరిగాని, అడిగినప్పుడు చెప్పలేకపోయిరి. కవులు చక్కని పద్యములు వ్రాసిరిగాని, వాటి అర్థమును వివరింపలేకపోయిరి. చేతిపనివారికి తమ పని నిజముగా తెలుసును. అయితే ఆ ఒక్క పని తెలిసినందున తక్కిన పెద్ద సంగతులన్నియు తెలిసినవని వారును అనుకొనిరి. తెలియనిదానిని తెలియదని ఎరుగుటయే తనకున్న కొద్దిపాటి జ్ఞానమని సోక్రటీసు అప్పుడు గ్రహించెను.

అది మొదలుకొని ధైర్యమనగా ఏమి, భక్తి అనగా ఏమి, న్యాయమనగా ఏమి అని అతడు అందరిని అడుగుచు వచ్చెను. తన పనిని తన తల్లి చేసిన మంత్రసాని పనితో పోల్చుకొనెను. మంత్రసాని బిడ్డను ఇచ్చునది కాదు. తల్లి కనుటకు సహాయము చేయును. ఆలాగే ఎదుటివాని తలంపును బయటికి తెచ్చి, అది నిలుచునా నిలువదా అని చూచుటయే తన పని యనెను.

ఏదియు నిశ్చయముగా తెలియదు గనుక ఏమి చేసినను ఒకటే యని కొందరు అనుకొందురు. సోక్రటీసు అట్లు అనుకొనలేదు. అన్యాయమును సహించుట కంటె అన్యాయము చేయుటయే ఎక్కువ కీడని అతడు ఎంతగా పరీక్షించినను ఆ మాట పడిపోలేదు. గనుక దానిమీద నిలిచెను. ఇది మాటలలో మాత్రమే కాక అతని నడతలో కనబడినది.

క్రీ.పూ. 406లో ఏథెన్సు నౌకలు అర్గినూసె యొద్ద జయము పొందెను. కాని తుపాను వలన, మునుగుచున్న తమ వారిని సేనాపతులు రక్షింపలేకపోయిరి. జనులు ఆగ్రహించి, సేనాపతులందరికి కలిపి ఒక్కసారే తీర్పు తీర్చవలెనని కేకలు వేసిరి. ఒక్కొక్కనిని వేరుగా విచారింపవలెనన్నది చట్టము. ఆ దినములలో సభను నడుపు 50 మందిలో సోక్రటీసు ఒకడు. తక్కినవారు బెదరి లొంగిపోగా అతడు ఒప్పుకొనలేదు. అయినను జనుల పంతమే నెగ్గి, చేతికి చిక్కిన ఆరుగురు సేనాపతులు చంపబడిరి. తరువాత ఆ జనులే పశ్చాత్తాపపడిరి.

క్రీ.పూ. 404లో ముప్పదిమంది క్రూరులు పట్టణమును ఏలసాగిరి. సలామిసు వాసియైన లెయోను అను నిర్దోషిని చంపుటకై పట్టుకొని తెమ్మని వారు సోక్రటీసుకును మరి నలుగురికిని ఆజ్ఞాపించిరి. ఆ నలుగురు వెళ్లిరి. సోక్రటీసు మారు మాటలాడక ఇంటికి పోయెను. మరుసటి ఏట ఆ పాలన కూలిపోయెను గనుక అతని ప్రాణము దక్కెను. ఇట్లు అతడు జనసమూహమునకును లొంగలేదు, దొరలకును లొంగలేదు.

అయినను పట్టణమున అతనికి శత్రువులు పెరిగిరి. ఆ ముప్పదిమందిలో నాయకుడైన క్రిటియసు ఒకప్పుడు అతని సహవాసి. ఇదియు జనుల మనస్సులో నాటుకొని యుండెను. క్రీ.పూ. 399లో మెలేటసు, ఆనిటసు, లైకోను అనువారు అతనిమీద నేరము మోపిరి. పట్టణపు దేవతలను ఒప్పుకొనడనియు, క్రొత్త దైవములను తెచ్చుచున్నాడనియు, యౌవనస్థులను చెరుపుచున్నాడనియు వారు చెప్పిరి. సుమారు 500 మంది న్యాయనిర్ణేతలు కూర్చుండిరి. మరి 30 మంది అతని పక్షముగా ఓటు వేసియుండినయెడల విడుదల పొందియుండెడివాడు. అతడు ఏడ్చి బతిమాలలేదు. పిల్లలను తెచ్చి జాలి పుట్టింపలేదు. ప్రశ్నించుట మానెదనని మాట ఇయ్యలేదు. మరణశిక్ష విధింపబడెను.

డేలొసు ద్వీపమునకు పోయిన పరిశుద్ధ నౌక తిరిగి వచ్చువరకు ఎవనిని చంపకూడదు గనుక అతడు సుమారు ఒక నెల చెరసాలలో ఉండెను. బాల్యస్నేహితుడైన క్రిటో ధనవంతుడు. కావలివానిని మంచి చేసికొని, పారిపోవుటకు సమస్తము సిద్ధపరచి, తెల్లవారకముందే వచ్చెను. సోక్రటీసు తొందరపడలేదు. పారిపోవుట న్యాయమా కాదా అని అతనితో కలిసి విచారించెను. కీడుకు ప్రతికీడు చేయరాదనియు, 70 ఏండ్లు ఏ చట్టముల నీడను బ్రదికెనో వాటిని తనకు నష్టము కలిగినప్పుడు త్రోసివేయుట తగదనియు తేల్చెను. దినము రాగా హెమ్లాకు అను విషపు మొక్క రసమును నెమ్మదిగా త్రాగి, స్నేహితుల మధ్య మరణించెను.

అతని తరువాత ప్లేటో అకాడెమీ అను విద్యాలయమును స్థాపించెను. క్రీ.పూ. 3వ శతాబ్దమున దానికి అధిపతియైన ఆర్కెసిలాసు, ఏ సంగతిని గూర్చియు నిశ్చయముగా తీర్మానింపకుండుటయే మేలని బోధించి, అందుకు సోక్రటీసును చూపెను. స్తోయికులో, మంచి గుణమే మేలైన జీవితమునకు చాలునని బోధించి, వారును సోక్రటీసునే చూపిరి. ఒకరు అతని ప్రశ్నను, ఒకరు అతని స్థిరత్వమును పట్టుకొనిరి. అతనిలో మాత్రము ఆ రెండును కలిసియుండెను.

మన యిండ్లలోను, పంచాయతీలలోను, సంఘపు కూటములలోను తెలియని సంగతిని తెలిసినట్లు పలుకుట సులభము. పదిమంది కేకలు వేయుచుండగా, అది న్యాయము కాదని తెలిసియు ఊరకుండుట అంతకంటె సులభము. తెలియనిచోట తెలియదనుటకు మనకు వినయము కలదా? తప్పని తెలిసినచోట, అందరు వెళ్లినను, లెయోను ఇంటికి వెళ్లక మన యింటికి మరలి పోగలమా? ఈ రెండు ప్రశ్నలను ఈ నెల మనలో ప్రతివారము తన్ను తాను అడుగుకొందము.